నిరోషా పాస్ చేసిన టైరు

తొమ్మిది టైర్లలో అయిదింటి మీద ఆ అమ్మాయి సుద్దముక్కతో అడ్డగీతలు గీసేసరికి సుశాంత్‌కి ఒళ్ళు మండింది.

"ఏం మేడం, పొద్దుపొద్దుగాల్నే ముగ్గులేస్తున్నరా?"

ఆమె తల ఎత్తలేదు. "ముగ్గు కాదన్నా. కొట్టేసిన. ఇవి పనికి రావు."

"పనికి రావంటె? రబ్బరు అరిగింది, గందుకే మీ తాన్కి తెచ్చిన. అరగని టైరు తీస్కొని ఎవడన్న వస్తడా గీడికి?"

"అరిగినందుకు కొట్టెయ్యలే. లోపట చెడిపోయినందుకు కొట్టేసిన."

అది వికారాబాద్ ఊరి చివర ఒక చిన్న ఫ్యాక్టరీ. అరిగిపోయిన లారీ టైరు పైపొర గీకేసి, కొత్త రబ్బరు పట్టీ అతికించి, వేడి గదిలో ఉడికించి బయటికి తీస్తారు. డ్రైవర్లు దాన్ని రీబటన్ టైరు అంటారు. కొత్త టైర్లు కొనే స్తోమత లేని లారీలన్నీ వాటి మీదే నడుస్తాయి. అయితే పైన ఎంత మంచి రబ్బరు ఎక్కించినా లోపలి ఒళ్ళు గట్టిగా ఉండాలి. ఉందో లేదో చూసి చెప్పడమే ఈ అమ్మాయి నిరోషా ఉద్యోగం. ఆమె సరే అంటేనే టైరు లోపలికి పోతుంది.

సుశాంత్‌ది తాండూరు. తండ్రి బాల్‌రాజ్ వ్యవసాయం మానేసి పెట్టిన టైర్ల షాపును మూడేళ్ళుగా అతనే చూసుకుంటున్నాడు. ఇన్నాళ్ళూ ఇక్కడ ఒక ముసలాయన పరీక్ష చేసేవాడు. ఆయన రిటైరయ్యాడని, ఈ పిల్ల వచ్చిందని సుశాంత్‌కి తెలియదు.

"అవి కండ్లా, ఎక్స్‌రే మిషన్లా?" అన్నాడు.

"కండ్లతోని కాదు. మీ చెయ్యి లోపట పెట్టున్రి."

పెట్టాడు. ఏమీ తగల్లేదు.

"కండ్లు మూస్కోన్రి. జర నిమ్మళంగ."

మూసుకున్నాడు. ఈసారి వేళ్ళ కింద సన్నటి ఉబ్బు తగిలింది. కందిగింజంత ఉంటుందేమో.

"ఇదేనా? గింతే ఉంది గద!"

"గింతే. లోపటి తీగ తుప్పు పట్టి తెగింది. దాని మీద మీరు లారీ నిండ రాళ్ళు పెట్టి తోలుతరు."

సుశాంత్ కళ్ళు తెరిచాడు. ఆమె అతన్ని సూటిగా చూస్తోంది. చెంప మీద రబ్బరు పొడి మరక. ఆ మరక చెప్పాలా వద్దా అని అతను ఆలోచిస్తుండగానే రేకుల కప్పు మీద జులై వాన దబదబా మొదలైంది. వాన తగ్గేదాకా ఇద్దరూ ఆ షెడ్డులోనే నిలబడాల్సి వచ్చింది. ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. అయినా తిరిగి తాండూరు పోయేటప్పుడు దారి పొడవునా అతనికి ఆమెతో గంటసేపు పోట్లాడినట్టే అనిపించింది.

ఆ తర్వాత ప్రతి గురువారం సుశాంతే ట్రాలీ తోలుకుని వికారాబాద్ వచ్చేవాడు. అంతకు ముందు ఎవరో ఒకరిని పంపేవాడు.

"ఇయ్యాల ఎన్ని కొట్టేస్తవ్ మేడం?"

"మీరు ఎన్ని చెడ్డయి తెస్తె అన్ని, అన్నా."

"గా అన్నా ఎందుకు మధ్యల?"

"అందర్నీ గట్లనే పిలుస్త."

"నేను అందర్ల ఒకన్నా?"

ఆమె తర్వాతి టైరు వైపు తిరిగింది. కానీ సెప్టెంబరు వచ్చేసరికి 'అన్నా' అనడం మానేసింది. 'సుశాంత్' అనడానికి ఇంకో నెల పట్టింది. మధ్యలో ఆ నెలంతా ఏ పేరూ లేకుండా, "ఇగో, మిమ్మల్నే" అని పిలిచేది. అది కూడా అతనికి బాగానే ఉండేది.

నిరోషాది నవాబుపేట దగ్గర పల్లె. తండ్రి మొగులప్ప తాండూరు రాళ్ళ గనుల్లో బండలు మోసి మోసి, ఊపిరితిత్తుల జబ్బుతో నాలుగేళ్ళ కిందట పోయాడు. తల్లి హన్మమ్మ కూరగాయల తోటల్లో కూలికి పోతుంది. నిరోషా ఐటీఐ చదివి, ఇదే ఫ్యాక్టరీలో రబ్బరు పొడి ఊడ్చే పనిలో చేరింది. ముసలాయన టైరు పట్టే తీరు పక్కన నిలబడి చూసి నేర్చుకుంది. ఆయన వెళ్ళిపోతూ, "ఈ పిల్ల చెయ్యి అబద్ధం చెప్పదు" అని ఓనరు దేవిక మేడంతో అని పోయాడు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం నిరోషా మొహంలో గర్వం దాగేది కాదు.

ఒక ఆదివారం అనంతగిరి కొండ మీదికి బైకు మీద వెళ్ళారు. చెట్ల మధ్య మబ్బు దిగి ఉంది.

"నీ దగ్గర రబ్బరు వాసన వస్తది" అన్నాడు సుశాంత్.

"నీ దగ్గర అత్తరు వాసన వస్తదా ఏంది?"

"నా దగ్గర గూడ రబ్బరే. గందుకే చెప్తున్న. ఇంట్ల వాళ్ళకు వేరే అనుమానం రాదు."

ఆమె నవ్వింది. నవ్వుతూనే, "మీ ఇంట్లోళ్ళకు అనుమానం వచ్చినరోజు ఏమైతదో తెలుసా నీకు?" అంది. ఇద్దరి కులాలు వేరని, అతనిది భూములున్న కుటుంబమని, ఆమె తల్లి అలాంటి భూముల్లోనే కూలి చేస్తుందని ఇద్దరికీ తెలుసు. సుశాంత్, "అప్పుడు చూద్దాం తీ" అన్నాడు. ఆ 'అప్పుడు' ఎప్పుడో వస్తుందని, నిదానంగా వస్తుందని అనుకున్నాడు.

డిసెంబరులో ఒక గురువారం అతను పన్నెండు టైర్లు తెచ్చాడు. అన్నీ ఒక్క రాళ్ళ సేటువే. ఆ సేటుకు పన్నెండు లారీలు. షాపులో అంతకంటే పెద్ద గిరాకీ లేదు. నిరోషా పదకొండింటిని పాస్ చేసింది. పన్నెండో దాని దగ్గర ఆగింది. కళ్ళు మూసుకుని రెండుసార్లు నిమిరింది.

"ఇది వద్దు."

"నిరోషా, ఇది రేపు ఎక్కియ్యాలె. సేటు ఇంతకుముందే కోపం మీద ఉన్నడు. నీ టైర్లు ఎన్నడు టైముకు రావు, వేరే షాపు చూస్కుంట అన్నడు."

"లోపట తీగ మెత్తగుంది."

"తెగిందా?"

"తెగలే. తెగుతది."

"ఎప్పుడు తెగుతదో ఎవరికి ఎరుక? రెండు నెలలు నడిస్తె చాలు. గప్పటికి నేనే మార్పిస్త. ఒట్టు." ఆమె కదల్లేదు. సుశాంత్ గొంతు తగ్గించాడు. "ఒక్కసారి. నా కోసం."

నిరోషా అతని మొహం చూసింది. తర్వాత సుద్దముక్క తీసుకుని టైరు మీద టిక్కు పెట్టింది. పెట్టి వెంటనే మొహం పక్కకు తిప్పుకుంది.

ఆ రోజు సుశాంత్ పాట పాడుకుంటూ తాండూరు వెళ్ళాడు. తన మాట కోసం ఆమె తన పద్ధతిని పక్కన పెట్టింది. ప్రేమకు అంతకంటే రుజువు ఏం కావాలి అనుకున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు, నిద్రపట్టక దొర్లుతున్నప్పుడు, ఆ పాటే గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయేవాడు.

ఇరవై మూడు రోజులకు ఆ టైరు పేలింది.

ధారూరు దాటాక మలుపు దగ్గర, పొద్దున పది గంటలకు. బండల లోడుతో వికారాబాద్ వైపు పోతున్న లారీ వెనక టైరు పగిలి, లోడు ఒక పక్కకు జరిగి, బండి కుడివైపు కాలువలోకి ఒరిగిపోయింది. డ్రైవరు నర్సప్ప కుడిచెయ్యి తలుపుకీ రాతికీ మధ్య నలిగిపోయింది. హైదరాబాద్ పెద్ద దవాఖానలో డాక్టర్లు దాన్ని మోచేతి కింద తీసేశారు.

నర్సప్ప సుశాంత్‌కి కొత్తవాడు కాదు. బొంరాస్‌పేట మనిషి. టైరు మార్చడానికి వచ్చినప్పుడల్లా షాపు ముందు బల్ల మీద కూర్చుని చాయ్ తాగేవాడు. సుశాంత్ అతన్ని 'కాకా' అని పిలిచేవాడు.

కబురు తెలిసి సుశాంత్ అక్కడికి పోయేసరికి నర్సప్పను తీసుకుపోయారు. రోడ్డంతా విరిగిన నాపరాళ్ళు. కాలువ గట్టున చీలిపోయిన టైరు ముక్కలు. సుశాంత్ వంగి ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. ఒక ముక్క మీద ఫ్యాక్టరీ అచ్చు నంబరు కనిపించింది. పన్నెండో టైరు. మెత్తగా ఉందని ఆమె చెప్పిన చోటే చీలింది. ఆ ముక్కను చేతుల్లో పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు.

షాపుకు తెచ్చాక బాల్‌రాజ్ చూశాడు. అడిగాడు. సుశాంత్ మొత్తం చెప్పాడు.

"తీసి తుక్కు కుప్పల ఎయ్" అన్నాడు బాల్‌రాజ్.

"నాయినా, నర్సప్ప కాక చెయ్యి పోయింది."

"నాకు తెల్వదా? ఆయన దవాఖాన సంగతి నేను చూస్కుంట. నువ్వు నోరు తెరవకు. గీ షాపు నిలబెట్టనీకె నాకు ఇరవై ఏండ్లు పట్టింది. ఒక్క మాటతోని కూల్చకు."

సుశాంత్ దాన్ని తుక్కులో వేయలేదు. అలాగని ఎవరికీ చూపించలేదు కూడా. ట్రాలీలో ఒక గోనెసంచి కింద పెట్టాడు.

మరునాడే ఫ్యాక్టరీకి పోయాడు. నిరోషా గేటు బయటికి వచ్చింది. ఆమెకు అప్పటికే తెలుసని చూడగానే అర్థమైంది.

"ఆ టైరేనా?" అంది.

"ఆ టైరే."

"ఎక్కడ చీలింది?"

అతను చెప్పలేకపోయాడు. ఆమె తల ఊపింది.

"తప్పు నాది నిరోషా. నేను అడగకపోతె..."

"నువ్వు అడిగినవ్. నువ్వు అడుగుతవ్, అందరు అడుగుతరు. కాదని చెప్పనీకెనే నన్ను ఆడ నిలబెట్టిన్రు. ఆ దినం నా చెయ్యి టైరు మీద ఉన్నది గాని, మనసు నీ మొహం మీద ఉన్నది." ఆమె తన అరచేతుల వైపు చూసుకుంది. "మా నాయిన బండలు మోసి పోయిండు. ఆయన అసుంటి మనిషి చెయ్యి నేను తీసిన."

"గట్ల అనకు."

"ఇగ రాకు సుశాంత్. నీ మీద కోపం కాదు. నిన్ను చూస్తె ఆ టిక్కు కనవడుతుంది నాకు."

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. అతను గేటు దగ్గరే నిలబడ్డాడు. లోపల రబ్బరు గీకే మిషను మోత తప్ప ఇంకేమీ వినిపించలేదు.

లారీ పడిపోవడానికి కారణం డ్రైవరు కునుకు తీయడమేనని సేటు పోలీసులకు రాసిచ్చాడు. అజాగ్రత్తగా నడిపాడని నర్సప్ప మీద కేసు పెట్టారు. టైర్ల గురించి ఎవరూ అడగలేదు. రోడ్డు మీద ఆ మలుపు చూపించి, "గీడనే నిద్ర పోయిండట" అని జనం చెప్పుకోసాగారు. ఆ మాట ఒకరోజు సుశాంత్ షాపులోనే, గాలి కొట్టించుకోవడానికి వచ్చిన ఒకతను అన్నాడు. సుశాంత్ చేతిలోని పానా కింద పెట్టి, షట్టరు సగం దించి, బైకు తీశాడు. బాల్‌రాజ్ "యాడికి?" అని వెనక నుంచి అరిచాడు. అతను ఆగలేదు.

కొడంగల్ మీదుగా బొంరాస్‌పేట చేరేసరికి మధ్యాహ్నమైంది. నర్సప్ప వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేతి చొక్కా మడిచి పిన్నీసు పెట్టి ఉంది. భార్య కొండమ్మ కందులు చెరుగుతోంది.

సుశాంత్ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"కింద కూసుంటివేంది? పైకి రా."

"కాకా, నీకు ఒకటి చెప్పనీకె వచ్చిన. నువ్వు నిద్ర పోలే. టైరు పేలింది. అది కొట్టెయ్యాల్సిన టైరు. నేను బతిమిలాడి పాస్ చేయించిన."

కొండమ్మ చేట ఆగింది. నర్సప్ప అతన్ని కొంచెంసేపు చూశాడు. అతని మొహంలో ఆశ్చర్యం లేదు.

"నిన్న ఒక పిల్ల వచ్చింది. నవాబుపేట దిక్కు పిల్లనట. గిదే తాన కూసొని గిదే మాట చెప్పింది. తప్పు నాదే, ఇంకెవలది లేదు అన్నది. ఇయ్యాల నువ్వొచ్చి నాది అంటున్నవ్. పోయిన టైరు ఒక్కటే. ఇద్దరికి ఎట్ల సరిపాయెరా?"

సుశాంత్ తల ఎత్తాడు. "నా పేరు చెప్పలేదా?"

"చెప్పలే."

"చెప్పినంత మాత్రాన చెయ్యి వస్తదా?" అంది కొండమ్మ. ఆమె గొంతులో ఏడుపు, కోపం కలిసి ఉన్నాయి. "ఒకల వెనక ఒకలు వచ్చి ఏడ్సి పోతున్నరు. అన్నం కలుపుకోనీకె చేతగాక ఈయన పడే తిప్పలు నేను చూస్తున్న. మీరు చూస్తరా?"

సుశాంత్ తల దించుకుని కూర్చున్నాడు.

"ఉండవే" అన్నాడు నర్సప్ప. "సుశాంత్, ఇను. ఇరవై ఆరేండ్లు బండి నడిపిన. ఒక్క కోడిని తొక్కలే. సేటు నిద్ర పోయిండన్నడు. పోలీసోళ్ళు గట్లనే రాస్కున్నరు. దవాఖానల కొండమ్మ గూడ అడిగింది, కన్ను అంటుకున్నదా అని. అందరు అంటుంటె నాకే అనుమానం మొదలైంది. నిజంగ నిద్ర పోయిననా? ఎంత యాది చేస్కున్నా ఆ మలుపు దాంకనే యాదికొస్తది. చెయ్యి పోయిందానికంటె గదే నన్ను కోసింది. నిన్న ఆ పిల్ల చెప్పి పోయినంక పడుకుంటె నిద్రొచ్చింది నాకు. ఇన్ని దినాలల్ల మొదటిసారి."

అతను ఎడమచేత్తో సుశాంత్ భుజం పట్టుకున్నాడు. ఆ పట్టులో ఓదార్పు లేదు. గట్టిగా ఉంది.

"నిన్ను మాఫ్ చేసిననా లేదా అది నాకే తెల్వదు. గాని ఒక పని చెయ్యి. నేను నిద్ర పోలేదని సేటు ముంగట చెప్పు. ఠాణాల చెప్పు. నా మీద ఉన్న ఆ మాట తీసెయ్."

మరునాడు పొద్దున సుశాంత్ గోనెసంచి కింది ముక్క తీసుకుని పోలీస్ స్టేషన్‌కి పోయాడు. బెంచీ మీద అప్పటికే నిరోషా కూర్చుని ఉంది. ఒళ్ళో ఫ్యాక్టరీ కాగితాలు. ఇద్దరూ విడివిడిగా చెప్పారు. ఎస్సై రెండు వాంగ్మూలాలూ చదివి, "మీరిద్దరు ముందే మాట్లాడుకున్నరా?" అన్నాడు. "లేదు సార్" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. టైరు ముక్కను వాహనాల అధికారి పరీక్షకు పంపుతామని చెప్పాడు.

బయటికి వచ్చాక ఆమె బస్టాపు వైపు నడిచింది. అతను వెంట నడిచాడు.

"నా పేరు ఎందుకు చెప్పలే కాకకు?"

"చెప్తె నా తప్పు సగమైతదనిపించింది. సగం తోని తప్పించుకోబుద్ధి కాలే." ఆమె ఆగింది. "నువ్వెందుకు పోయినవ్?"

"పోకుంటె మనిషిని కాననిపించింది."

ఆమె కళ్ళు తడిశాయి. కానీ బస్సు రాగానే ఎక్కింది. కిటికీ పక్కన కూర్చున్నా అతని వైపు తిరగలేదు.

తర్వాతి రోజులు ఇద్దరికీ తేలిగ్గా గడవలేదు. దేవిక మేడం నిరోషాను పరీక్ష బల్ల దగ్గర నుంచి తీసేసి రబ్బరు గీకే గదిలో వేసింది. "పని నుంచి తీసేస్తలేను. నువ్వే వచ్చి చెప్పినవ్ గనక. గాని మూడు నెలలు ఆ బల్ల ముట్టకు" అంది. నిరోషా సరేనంది. సేటు తన పన్నెండు లారీలూ వేరే షాపుకు తిప్పాడు. బాల్‌రాజ్ కొడుకుతో మాటలు మానేశాడు. షాపులో తండ్రీ కొడుకులు పక్కపక్కనే పని చేస్తూ, ఏదైనా కావాలంటే తల్లి ఇంద్రమ్మకు ఫోన్ చేసి చెప్పించుకునేవారు.

ఫిబ్రవరి చివర రిపోర్టు వచ్చింది. లారీ పడిపోవడానికి కారణం టైరు లోపలి లోపమే అని తేల్చారు. నర్సప్ప మీద అభియోగం తీసేశారు. సుశాంత్ ఆ కాగితం నకలు తీసుకుని సేటు ఆఫీసుకు పోయాడు. పది మంది ముందు చదివి వినిపించాడు. సేటు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. అక్కడున్న డ్రైవర్లలో ఒకతను మాత్రం లేచి, ఆ కాగితం అడిగి తీసుకుని మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాడు.

మార్చిలో ఒక సోమవారం బాల్‌రాజ్ ఎవరికీ చెప్పకుండా పొద్దున్నే ఎటో పోయాడు. పదకొండింటికి తిరిగొచ్చాడు. కారులో నుంచి నర్సప్ప దిగాడు.

"ఇగ నుంచి వచ్చే టైర్లన్ని నర్సప్పనే చూస్తడు" అన్నాడు బాల్‌రాజ్. రెండు నెలల తర్వాత కొడుకుతో అతను నేరుగా అన్న మొదటి మాట అది. "ఆయన వద్దంటె వద్దు. గిరాకీ పోయినా సరే."

నర్సప్ప ఎడమచెయ్యి మొదట్లో తడబడింది. నెల తిరిగేసరికి కుదిరింది. అతను చూస్తున్నాడని తెలిసి చుట్టుపక్కల డ్రైవర్లు తమ ఓనర్లను ఆ షాపుకే పొమ్మనసాగారు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం దగ్గర సుశాంత్ తల్లికీ తండ్రికీ నిరోషా గురించి చెప్పాడు. ఎవరి బిడ్డ, ఏ ఊరు, ఏ కులం, ఏదీ దాచలేదు. ఇంద్రమ్మ గరిట పక్కన పెట్టి, "చుట్టాలు మన గడప తొక్కరు బిడ్డా... ఏంరా గిట్ల చేస్తివి" అని కొంగు కళ్ళకు అద్దుకుంది. బాల్‌రాజ్ చెయ్యి కడుక్కుని లేచి పోయాడు. మూడో రోజు షాపులో తనే అడిగాడు.

"నర్సప్ప తాన్కి నీకంటె ముందు పోయింది ఆ పిల్లేనా?"

"ఆ పిల్లే."

"నేను నీకు నోర్మూస్కోమని చెప్పిన." అతను రోడ్డు వైపు చూశాడు. "ఆమెకు గూడ ఎవరో ఒకరు గట్లనే చెప్పి ఉంటరు. అయినా పోయింది. గసుంటి పిల్ల మన ఇంటికి వస్తనంటె కాదనేంత పెద్దోన్ని కాను నేను. మీ అమ్మకు నేను చెప్త. జర టైం పడ్తది."

ఏప్రిల్‌లో నిరోషాను మళ్ళీ బల్ల దగ్గర పెట్టారు. ఆ ఆదివారమే ఆమె వికారాబాద్‌లో రైలెక్కి తాండూరు వచ్చింది. నర్సప్పను చూడడానికి. అతను ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఎడమచేత్తో టైరు ఎలా పడుతున్నాడో చూపించాడు. "మంచిగ చెప్పు బిడ్డా, ఏమన్న తప్పు చేస్తున్ననా?" అన్నాడు. ఆమె అతని వేలిని కొంచెం పక్కకు జరిపి, "గీడ. గీడ ఎక్కువ ఒత్తు కాకా" అంది.

తిరిగి వెళ్ళేటప్పుడు సుశాంత్ స్టేషన్ దాకా వెంట వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద ఎండ మండిపోతోంది. నీటికుళాయి పక్కన కాస్త నీడ ఉంటే అక్కడ నిలబడ్డారు. తండ్రి అన్న మాట అతను చెప్పాడు. ఆమె కుళాయి తిప్పి మొహం మీద నీళ్ళు చల్లుకుంది.

"నేను నిన్ను మర్చిపోలే" అంది చివరికి. "రబ్బరు గీకుకుంట గీ మూడు నెలలు అదే అనుకున్న. మర్చిపోతె అయిపోవు గద అని. గాని భయం గూడ పోలే. నువ్వు అడిగితె నేను కాదనలేను."

"మా షాపు టైర్లు ఇగ నర్సప్ప కాకనే తెస్తడు. నేను నీ బల్ల కాడికి రాను."

"బల్ల ఒక్కటే కాదు. రేపు ఇంట్ల గూడ..."

"అయితె ఇప్పుడు కాదను. నేను అడుగుత."

"ఏందీ పోరగాళ్ళ ఆట?"

"పెండ్లైనంక ఫ్యాక్టరీ మానేసి ఇంట్ల కూసుంటవా?"

"కూసోను."

"మా అమ్మకు ఇష్టం లేదని మీ అమ్మను చూడనీకె పోవుడు బంద్ చేస్తవా?"

"ఎందుకు చేస్త? చెయ్యను."

"నేను మళ్ళొకసారి 'నా కోసం' అని అంటె?"

నిరోషా ఈసారి వెంటనే అనలేదు. అతని కళ్ళలోకి చూస్తూ, నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడదీసినట్టు అంది.

"వినను."

సుశాంత్ ఊపిరి పీల్చుకున్నాడు. "గదే కావాలె నాకు. గట్ల చెప్పే మనిషే కావాలె."

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. రైలు వచ్చి ఆగినా ఇద్దరూ కదల్లేదు. కూత వేశాక గబగబా ఎక్కి, తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని, "వచ్చే ఆదివారం మీ నాయినను తోల్కరా. అమ్మకు నేను చెప్త" అని అరిచింది.

ఆగస్టులో నవాబుపేట దగ్గరి పల్లెలో, హన్మమ్మ ఇంటి ముందు వేసిన పందిరి కింద పెళ్ళి జరిగింది. సుశాంత్ బంధువుల్లో సగం మంది రాలేదు. ఇంద్రమ్మ ఆఖరి రోజు దాకా ఊగిసలాడి, చివరికి తన పెళ్ళినాటి చీర మడతలు విప్పి నిరోషా కోసం తెచ్చింది. హన్మమ్మ దాన్ని రెండు చేతులా అందుకుంది. వియ్యపురాళ్ళిద్దరికీ ఏం మాట్లాడాలో తెలియక, పక్కపక్కన కూర్చుని పెళ్ళివాళ్ళకు తమలపాకులు చుట్టారు.

తాళి కట్టాక పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అక్షింతలు వేస్తున్నారు. నర్సప్ప మాత్రం పందిరి గుంజ దగ్గరే నిలబడిపోయాడు. కొండమ్మ వెనక నుంచి మెల్లగా తోసింది. అతను రెండడుగులు వేసి మళ్ళీ ఆగాడు.

"నాకున్నది ఎడమచెయ్యి. శుభకార్యం తాన గిది వద్దు బిడ్డా. మనసుల దీవించిన, చాలు."

నిరోషా పీట మీద నుంచి లేచింది. కొంగుముడి లాగడంతో సుశాంత్ కూడా లేచాడు. ఇద్దరూ గుంజ దాకా నడిచి వెళ్ళారు. ఆమె పక్కనున్నవాళ్ళ పళ్ళెంలో నుంచి గుప్పెడు అక్షింతలు తీసి, నర్సప్ప ఎడమ అరచేతిలో పోసి, అతని వేళ్ళు మూసింది.

"ఎయ్యి కాకా" అంటూ తల వంచింది.

సుశాంత్ కూడా పక్కనే వంగాడు. కొండమ్మ ముందుకు వచ్చి భర్త ఎడమ మోచేతి కింద చెయ్యి పెట్టి పైకి ఎత్తింది. నర్సప్ప గుప్పెట విప్పాడు. అక్షింతలు ఇద్దరి తలల మీదా పడ్డాయి.